చలి కాచుకునే పాము

ధనుర్మాసంలో ఒకనాడు తెల్లవారగానే లేచి వీధిలోకి వచ్చి చూడండి. తాతగారు దుప్పటి కప్పుకుని అరుగు మీద ఎండలో కూచుని ఉంటారు. ఆయన కాళ్ళ దగ్గర పిల్లి ముడుచుకుని పడుకుని ఉంటుంది. ఎదుటి గోడ మీద ఒక తొండ, ఒళ్ళు బల్లపరుపుగా చేసి, ఎండకు పక్క తిప్పి, కదలకుండా ఉంటుంది. ముగ్గురూ చేస్తున్న పని ఒకటే: చలి కాచుకోవటం.

కాని ఈ ముగ్గురిలో తొండ సంగతి వేరు. తాతగారు ఆ రోజు ఎండకు రాకపోయినా ఆయన ఒంట్లో వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పిల్లికి ఇంకొక డిగ్రీ ఎక్కువే ఉంటుంది. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెంటిగ్రేడు డిగ్రీలే.) ఎందుకంటే మనం తినే తిండిలో చాలా భాగం ఒంటిని వెచ్చగా ఉంచటానికే ఖర్చవుతుంది. మన ఒంట్లో పొయ్యి రాత్రింబవళ్ళు మండుతూనే ఉంటుంది. తొండ ఒంట్లో అటువంటి పొయ్యి లేదు. గాలి చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడుతుంది; రాయి వెచ్చబడితే దాని ఒళ్ళూ వెచ్చబడుతుంది. అంచేత ఎండ తాతగారికి సుఖం, తొండకు అవసరం.

పాములు కూడా తొండ లాటివే. ఒంట్లో పొయ్యి లేదు గనక వాటికి తిండి ఖర్చు చాలా తక్కువ. మనం రోజుకు మూడుపూటలా తినాలి. పాము ఒకసారి తిని కొన్ని రోజులు హాయిగా ఉండగలదు. అయితే తిన్నది అరగటానికీ, చురుకుగా పాకటానికీ, కడుపులో పిల్లలు పెరగటానికీ మాత్రం వేడి కావాలి. ఆ వేడిని అది బయటినుంచి తెచ్చుకోవలిసిందే. ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు పాముకు తిండి పెడితే ఆ తిండి కడుపులో అరగక కుళ్ళిపోవచ్చు. లేకపోతే పాము దాన్ని కక్కేస్తుంది.

ఇప్పుడొక ప్రశ్న. అలాంటి పామును అద్దాల పెట్టెలో పెట్టి ఇంట్లో పెంచితే దానికి ఎండ ఎక్కడినుంచి వస్తుంది?

గార్టర్ పాము

పామును ఇంట్లో పెంచటమేమిటి అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అమెరికాలోనూ, కెనడాలోనూ కొందరు పిల్లలు, మనం చిలకను పెంచినట్టు, ఒక చిన్న పామును పెంచుతారు. దాని పేరు గార్టర్ పాము. వెనకటి రోజుల్లో అక్కడివాళ్ళు మేజోళ్ళు జారిపోకుండా కాలికి పట్టీ కట్టుకునేవాళ్ళు. ఆ పట్టీని గార్టర్ అంటారు. ఈ పాము వీపున తల మొదలు తోక దాకా పట్టీల లాటి చారలుంటవి. అందుకని ఆ పేరు వచ్చింది.

గార్టర్ పాములు కెనడా మొదలు మధ్య అమెరికా దాకా ఉన్నవి. సాధారణంగా మూరెడు మొదలు రెండు మూరల దాకా పెరుగుతవి. వానపాములు, కప్పలు, చిన్న చేపలు తింటవి. మనిషిని చంపగల విషం వీటికి లేదు. పగటి పూట తిరుగుతవి. మన చెరువుల దగ్గర కనిపించే నీరుకట్టెకు ఇవి దూరపు చుట్టాలు. కాని నీరుకట్టె గుడ్లు పెడుతుంది. గార్టర్ పాము పిల్లలనే కంటుంది.

ఇవి చలిదేశపు పాములు. కెనడాలో మానిటోబా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ నార్సిస్ అనే ఊరి దగ్గర నేల కింద సున్నపురాతి పొరలలో బీటలూ, గుంటలూ ఉన్నవి. చలికాలంలో పైన నేల గడ్డకట్టుకుపోతుంది. అప్పుడు వేలకొద్దీ గార్టర్ పాములు ఆ గుంటలలోకి దిగి, మంచు అందని లోతున, తిండీ కదలికా లేకుండా పడి ఉంటవి. ఏప్రిల్ చివరా, మే నెలలోనూ ఎండ వచ్చేసరికి అన్నీ ఒక్కసారిగా బయటికి వస్తవి. ఆ రోజుల్లో వాటిని చూడటానికి అక్కడికి పిల్లలూ పెద్దలూ తరలి వస్తారు.

ఇంత చలిని భరించే పాముకు వేడి పెట్టె ఎందుకు అంటారా? చలికి చావకుండా ఉండటం వేరు, తిని తిరిగి పెరగటం వేరు. చలిలో పాము బతికి ఉంటుంది గాని, తినదు, పెరగదు. దాని జీవితం ఆగిన గడియారం లాటిది. ఎండ తగిలినప్పుడే ఆ గడియారం మళ్ళీ నడుస్తుంది.

మన దేశంలో మాత్రం పాములను పట్టుకోవటమూ, పెంచటమూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. కాబట్టి మీరెవరూ పెట్టె తయారు చెయ్యనక్కర లేదు. కాని ఆ పెట్టెను వెచ్చగా ఉంచటంలో ఉన్న కిటుకు తెలుసుకుంటే అది మన ఇంట్లోనూ పనికివస్తుంది. ఎలాగో చివర చెబుతాను.

రాళ్ళు చెప్పిన సంగతి

పామును వెచ్చగా ఎలా ఉంచాలో తెలుసుకోవాలంటే, అడవిలో పాము తనంతట తాను వెచ్చగా ఎలా ఉంటున్నదో ముందు చూడాలి.

కాలిఫోర్నియా రాష్ట్రం ఈశాన్యభాగంలో ఈగిల్ లేక్ అనే సరస్సు ఉన్నది. దాని చుట్టుపక్కల గార్టర్ పాములు రాళ్ళ కింద దాక్కుంటవి. రేమండ్ హ్యూయీ, చార్ల్స్ పీటర్సన్, స్టీవన్ ఆర్నల్డ్, వారెన్ పోర్టర్ అనే నలుగురు శాస్త్రజ్ఞులు అక్కడ ఈ పాములను పరీక్షించారు. పాము దగ్గర చాలా చిన్న రేడియో పరికరం ఉంచితే, అది రాయి కింద ఉన్నా దాని ఒంటి వేడి ఎంతో దూరంనుంచే తెలుస్తుంది. తాము కనుక్కున్నదాన్ని ఈ నలుగురూ 1989లో ప్రకటించారు.

పాము తన ఒంటి వేడిని 28 డిగ్రీలకూ 32 డిగ్రీలకూ మధ్య ఉంచుకోవటానికి చూస్తుందని తేలింది. కడుపుతో ఉన్న పాములు 30 డిగ్రీల దగ్గర ఉండటానికి మరీ జాగ్రత్త పడతవి. ఇంకా విచిత్రమేమంటే, అవి రాయి కింద దాక్కుని కూడా ఆ వేడిని నిలుపుకుంటున్నవి!

ఎలా? రహస్యమంతా రాయి మందంలో ఉన్నది. దీన్ని మన ఊళ్ళో ఇళ్ళను చూసి అర్థం చేసుకోవచ్చు. వేసవిలో మిట్టమధ్యాహ్నం రేకుల పాకలో ఒక్క నిమిషం నిలవలేం. తెల్లవారుజామున అదే పాక చల్లగా ఉంటుంది. రేకు పల్చన గనక ఎంత త్వరగా కాగుతుందో అంత త్వరగా చల్లారుతుంది. మందపు మట్టిగోడల మిద్దె అలా కాదు. పగటి వేడి లోపలికి రావటానికి చాలాసేపు పడుతుంది. వచ్చిన వేడి పోవటానికీ అంతసేపే పడుతుంది. లోపల ఎప్పుడూ ఒకే మాదిరిగా ఉంటుంది.

రాళ్ళు కూడా అంతే. 20 సెంటీమీటర్ల కన్న పల్చని రాయి మధ్యాహ్నం ఎండకు పెనంలాగా కాగుతుంది. దాని కింద ఉన్న పాముకు ప్రాణాపాయం. రాత్రికి అదే రాయి బాగా చల్లబడుతుంది. 40 సెంటీమీటర్ల కన్న మందంగా ఉన్న రాయి కింద అపాయం లేదు. కాని అక్కడికి ఎండ వేడి సరిగా దిగదు. పాము రోజంతా చల్లగానే ఉంటుంది. 20కీ 40కీ మధ్య ఉన్న రాయి కిందనైతే పాముకు కావలసినంత వేడి చాలాసేపు దొరుకుతుంది. పగలు మాడిపోదు, రాత్రి గడ్డకట్టుకుపోదు.

ఆ సరస్సు దగ్గర మూడు రకాల రాళ్ళూ ఉన్నవి. పాములు ఎక్కువగా ఎంచుకున్నది మధ్యరకం రాళ్ళనే! వాటి దగ్గర కొలబద్ద లేదు, థర్మామీటరు లేదు. అయినా సరిగా ఎంచుకున్నవి.

ఇందులో ఒక సంగతి గుర్తుంచుకోండి. పాముకు వేడి ఒక్కటే చాలదు. తనకు కావలసినప్పుడు వెచ్చని చోటికి పోవటానికీ, వద్దనుకున్నప్పుడు చల్లని చోటికి రావటానికీ వీలుండాలి. ఆ రెండు చోట్లా దాక్కోవటానికి చాటు కూడా ఉండాలి. అడవిలో ఈ వీలు పాముకు ఎప్పుడూ ఉన్నది. పెట్టెలో పెట్టినప్పుడు దాన్ని మనం తీసేస్తున్నాం. తీసేసినవాళ్ళమే మళ్ళీ కల్పించాలి.

ప్రేమతో చేసే పొరపాటు

కెనడాలో ఒక పిల్లవాడున్నాడనుకుందాం. వాడి గదిలో అద్దాల పెట్టె, అందులో ఒక గార్టర్ పాము ఉన్నవి. బయట మంచు కురుస్తున్నది. "పాపం, దీనికి చలేస్తున్నది," అనుకుని వాడు కరెంటుతో కాగే రాయి ఒకటి కొనితెచ్చి పెట్టెలో పెట్టాడు. పాము వెంటనే వెళ్ళి రాయిని చుట్టుకుని పడుకున్నది. పిల్లవాడు సంతోషించి తానూ పడుకున్నాడు. తెల్లవారి చూసేసరికి పాము ఇంకా రాయి మీదే ఉన్నది. దాని పొట్ట కింద పొలుసులు కమిలిపోయి ఉన్నవి!

ఇది నేను కల్పించి చెప్పిన కథే గాని, ఇటువంటి కాలిన గాయాలు పశువైద్యులు చాలా చూశారు. కాలుతూ ఉంటే పాము ఎందుకు తప్పుకోలేదు? పాము నిలవాలో కదలాలో చెప్పేది దాని ఒంటి మొత్తం వేడి. పెట్టెలో గాలి అంతా చల్లగా ఉన్నది, రాయి ఒక్కటే కాగుతున్నది. పాము వీపు ఇంకా చల్లగానే ఉన్నది. "ఇంకా చాలలేదు, ఇంకా చాలలేదు" అని అది రాయిని అంటిపెట్టుకునే ఉన్నది. ఈ లోపల పొట్ట కాలిపోయింది. చలిమంట దగ్గర కూచున్నప్పుడు మన వీపు వణుకుతూ ఉండగా మోకాళ్ళు చుర్రుమంటవి చూశారా? అదే ఇది. మనం మోకాళ్ళు వెనక్కు తీసుకుంటాం. పాముకు మోకాళ్ళు లేవు!

ఇంకొక పొరపాటు ఇంతకన్న ప్రమాదం. కరెంటు ఖర్చెందుకని అద్దాల పెట్టెను కిటికీ దగ్గర ఎండలో పెడతారు. అద్దంగుండా ఎండ లోపలికి వస్తుంది, లోపలి వేడిగాలి మాత్రం బయటికి పోదు. తలుపులన్నీ మూసి ఎండలో నిలబెట్టిన కారులో ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొద్దిసేపట్లోనే పెట్టె కొలిమి అవుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే గార్టర్ పాము ప్రాణం మీదికి వస్తుంది. చల్లని మూల ఒక్కటి కూడా లేకపోతే అది ఎక్కడికి పోతుంది?

అందువల్ల పాములను పెంచేవాళ్ళు మొదట నేర్చుకోవలసిన మాట ఒకటున్నది: చలి పామును నిదానం చేస్తుంది, వేడి పామును చంపుతుంది. ఒక రాత్రి కరెంటు పోయి గది చల్లబడితే ఆరోగ్యంగా ఉన్న గార్టర్ పాము ముడుచుకుని పడుకుంటుంది, అంతే. తెల్లవారి వెచ్చబడగానే లేస్తుంది. కాని ఒక గంట వేడి హద్దు మీరితే మరి లేవదు. వేడి పరికరం సరిగా పని చేస్తున్నదో లేదో అనుమానం వస్తే దాన్ని ఆర్పివెయ్యటమే మేలు.

పెట్టెకు రెండు కొసలు

మరి సరైన పెట్టె ఎలా ఉంటుంది?

అది పొడుగ్గా ఉంటుంది. పొడుగు ఎందుకంటే, ఒక కొస వెచ్చగానూ, రెండో కొస చల్లగానూ ఉండాలి. వేడి పరికరం ఒక కొసనే ఉంటుంది. అక్కడ పాము పడుకునే చోటు 30 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. రెండో కొస 21, 22 డిగ్రీలుంటే చాలు. ఈ రెండింటి మధ్యా మెట్లు మెట్లుగా అన్ని రకాల వేడీ ఉంటుంది. పాము తనకు కావలసిన మెట్టు తాను చూసుకుంటుంది. తిన్న తరవాత వెచ్చని కొసకు పోతుంది. అరిగినాక ఇవతలికి వస్తుంది. రాత్రిపూట పెట్టె అంతా మరికాస్త చల్లబడినా ఫరవాలేదు; బయట ప్రపంచంలో కూడా రాత్రి చల్లగానే ఉంటుంది గదా.

వేడి ఇవ్వటానికి ఎక్కువగా రెండు సాధనాలు వాడతారు. ఒకటి పైన వేలాడే దీపం. ఇది చిన్న సూర్యుడి లాటిది. రెండోది పెట్టె అడుగున, అద్దానికి బయటి వైపు, అంటించే పల్చని వేడి పలక. ఈ పలక పెట్టె అడుగులో మూడోవంతుకు మించరాదు. మించితే చల్లని కొస మిగలదు.

దీపం పెట్టె లోపల ఉంటే దాని చుట్టూ తీగల పంజరం ఉండి తీరాలి. లేకపోతే పాము పాక్కుంటూ పోయి బల్బునే చుట్టుకుంటుంది. పలక ఉన్నచోట పైన మట్టీ పొట్టూ మందంగా పొయ్యరాదు. అలా పోస్తే వేడి పైకి రాలేక కిందనే పోగవుతుంది. పైన చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంటుంది. పాము పొట్టులో దూరి అడుగుకు పోయేసరికి అక్కడ పెనం కాచుకుని ఉంటుంది.

చాటు రెండు కొసలా ఉండాలి. ఒక మట్టి పెంకో, బెరడు ముక్కో బోర్లిస్తే చాలు. చాటు చల్లని కొసనే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. పిరికి పాము దాక్కోవటానికి అక్కడే ఉండిపోతుంది. అరుగుదల కోసం వెచ్చని చోటికి పోవాలంటే దానికి భయం. వెచ్చదనమా, రక్షణా అని అది తేల్చుకోవలసి వస్తుంది. ఈగిల్ లేక్ దగ్గర మధ్యరకం రాయి పాముకు రెండూ ఒకచోటే ఇచ్చింది. మనం పెట్టే పెంకు కూడా అలాగే ఇవ్వాలి.

నీళ్ళ గిన్నె చల్లని కొసన ఉంచాలి. వేడి పలక మీద ఉంచితే నీరు ఆవిరై పెట్టె అంతా చెమ్మగిల్లుతుంది. ఎప్పుడూ తడిగా, వెచ్చగా ఉన్న నేల మీద పడుకుంటే గార్టర్ పాముకు చర్మం మీద పొక్కులు లేస్తవి.

నిద్రపోని కాపలావాడు

ఇవన్నీ అమర్చినా ఒక చిక్కు మిగిలే ఉన్నది. దీపానికి వెలగటమే తెలుసు. గది చల్లగా ఉన్నా అది ఒకే మాదిరిగా వెలుగుతుంది, గది వేడెక్కినా ఒకే మాదిరిగా వెలుగుతుంది. జనవరిలో సరిపోయిన దీపం జూలైలో పామును మాడ్చివేస్తుంది. ఎవరో ఒకరు రాత్రింబవళ్ళు కూచుని, వేడెక్కినప్పుడు ఆర్పుతూ, చల్లారినప్పుడు వెలిగిస్తూ ఉండాలి. ఆ పని చేసే కాపలావాడి పేరు థర్మోస్టాట్.

ఇటువంటి కాపలావాళ్ళలో ఒకడు ఒక బడిలో పుట్టాడు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊళ్ళో ఉపాధ్యాయులను తయారు చేసే బడి ఉండేది. వారెన్ జాన్సన్ అనే ఆయన అక్కడ పాఠాలు చెప్పేవాడు. చలికాలంలో బడిని వెచ్చగా ఉంచటానికి నేలమాళిగలో కొలిమి ఉండేది. బడి జవాను మాటిమాటికీ తరగతిలోకి వచ్చి, థర్మామీటరు చూసి, మళ్ళీ కిందికి పోయి వేడిని సవరించేవాడు. ప్రతిసారీ పాఠం ఆగిపోయేది. ఈ బాధ పడలేక జాన్సన్ ఒక పరికరం తయారు చేశాడు. గది వేడి మారగానే అది కరెంటు ద్వారా నేలమాళిగలో గంట మోగించేది! 1883లో ఆయన దీనికి పేటెంటు పొందాడు.

పాత రకం థర్మోస్టాట్ పని చేసే తీరు చాలా తేలిక. లోహాలన్నీ వేడికి సాగుతవి, కాని అన్నీ సమానంగా సాగవు. ఒక మీటరు పొడుగున్న ఇత్తడి కడ్డీని 100 డిగ్రీలు వేడి చేస్తే సుమారు 1.9 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడుగున్న ఇనుప కడ్డీ సుమారు 1.2 మిల్లీమీటర్లే సాగుతుంది. ఇప్పుడు ఒక ఇత్తడి రేకునూ ఇనుప రేకునూ ఒకదానికొకటి గట్టిగా అతికించి వేడి చెయ్యండి. ఇత్తడి ఎక్కువ సాగాలని చూస్తుంది, ఇనుము సాగనివ్వదు. ఆ పెనుగులాటలో రెండూ కలిసి ఇనుము వైపుకు విల్లులాగా వంగుతవి. అలా వంగినప్పుడు కరెంటు తీగకు ఎడం ఏర్పడి దీపం ఆరిపోతుంది. చల్లారగానే రేకు తిన్నగా అయి తీగను మళ్ళీ తాకుతుంది; దీపం వెలుగుతుంది. మీ అమ్మ ఇస్త్రీ చేస్తున్నప్పుడు పెట్టె "టక్" మనటం వినలేదా? అందులో చాలా రకాలకు లోపల ఇటువంటి జంట రేకే ఉంటుంది.

ఈనాడు పాముల పెట్టెలకు వాడే థర్మోస్టాట్లలో రేకుకు బదులు తీగ చివర ఒక చిన్న పూస ఉంటుంది. వేడిని బట్టి ఆ పూసలోంచి పోయే కరెంటు మారుతుంది. దాన్ని బట్టి పరికరం వేడిని తగ్గిస్తుంది, పెంచుతుంది.

అయితే ఈ కాపలావాడికి ఒక లోపం ఉన్నది. పూస ఎక్కడ ఉంటే అక్కడి సంగతే వాడికి తెలుస్తుంది. పూస ఊడి నీళ్ళ గిన్నెలో పడిందనుకోండి. నీరు చల్లగా ఉంటుంది. "అయ్యో, చల్లగా ఉన్నదే!" అని వాడు వేడిని పెంచుతూనే పోతాడు. వాడి పని వాడు సక్రమంగానే చేస్తున్నాడు. పాము మాత్రం మాడిపోతున్నది. అందుకని పూసను వెచ్చని కొసన కదలకుండా గట్టిగా బిగించాలి. థర్మోస్టాట్‌ను నమ్మి ఊరుకోక, రెండు కొసలా రెండు థర్మామీటర్లు విడిగా ఉంచాలి. రోజూ పొద్దునా సాయంత్రమూ వాటిని చూసి పుస్తకంలో రాసుకోవాలి. పామును తెచ్చిన తరవాత కాదు, తేవటానికి వారం రోజుల ముందే ఖాళీ పెట్టెను వెలిగించి ఈ లెక్క చూడాలి. తప్పు జరిగితే ఖాళీ పెట్టెలో జరగటం మంచిది గదా!

నిప్పూ, నీరూ, కరెంటూ

పెట్టెలో జాగ్రత్త పాముకోసం ఒక్కదానికే కాదు, ఇంటికోసం కూడా. వేడి దీపం కింద ఎండుగడ్డీ, రంపపు పొట్టూ, కర్టెన్ల అంచులూ ఉండరాదు. దీపం గొలుసుతోనో, కొక్కెంతోనో గట్టిగా వేలాడాలి. ఏ పిల్లో దూకితే పడిపోయేటట్టు ఉండరాదు. బాగా కాగే పరికరాలకు ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది, పింగాణీ హోల్డరు వాడాలి. ఒకే ప్లగ్గుకు నాలుగైదు తీగలు తగిలించరాదు.

ప్లగ్గు నీళ్ళ గిన్నెకు దూరంగా ఉండాలి. తీగ గోడలోని ప్లగ్గు దగ్గరికి పోయేముందు కాస్త కిందికి వేలాడి, మళ్ళీ పైకి పోవాలి. అలా ఉంటే తీగ వెంట జారిన నీటిబొట్టు అడుగున వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. పెట్టెలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆర్పాలి. కరెంటు పనులన్నీ పెద్దవాళ్ళే చెయ్యాలి.

పాము చెప్పే మాట

ఎన్ని థర్మామీటర్లు ఉన్నా అన్నిటికన్న మంచి సాక్షి పామే. అది ఎప్పుడు చూసినా వెచ్చని కొసనే అంటిపెట్టుకుని ఉంటే పెట్టెలో వేడి చాలటం లేదేమో చూడాలి. ఎప్పుడు చూసినా చల్లని మూలనో, నీళ్ళ గిన్నెలోనో పడి ఉంటే వేడి హెచ్చయిందేమో చూడాలి. కాసేపు అక్కడా, కాసేపు ఇక్కడా తిరుగుతూ ఉంటే అంతా బాగున్నట్టే. పాము నోరు విప్పి మాట్లాడదు. అది పడుకున్న చోటే దాని మాట.

ఇది మన ఇళ్ళలో ఎలా పనికివస్తుందో చెబుతానన్నాను గదా. మీ ఊళ్ళో కోళ్ళ ఫారం ఉంటే వెళ్ళి, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లలను ఎలా పెంచుతారో చూడండి. మొదటి కొద్ది రోజులూ కోడిపిల్లలు కూడా తమ ఒంటి వేడిని తాము సరిగా నిలుపుకోలేవు. తల్లి రెక్కల కింద ఉండవలసినవి గనక, తల్లికి బదులు దీపాలు పెడతారు. దాన్నే బ్రూడరు అంటారు. మొదటి వారం సుమారు 35 డిగ్రీలుంచి, తరవాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తారు. అనుభవం ఉన్న రైతు థర్మామీటరు కన్న ముందు పిల్లలనే చూస్తాడు. అన్నీ దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కిచకిచలాడుతుంటే వాటికి చలి. అన్నీ దీపానికి దూరంగా అంచులకు పోయి నోళ్ళు తెరిచి రొప్పుతుంటే వాటికి వేడి. నలుమూలలా చెదిరి, తింటూ తాగుతూ ఉంటే అంతా సరిగా ఉన్నట్టు. కెనడాలో పాము చెప్పే మాటే ఇక్కడ కోడిపిల్ల చెబుతున్నది.

ఇంకొక సంగతి. పొద్దు గూకిన తరవాత కూడా తారు రోడ్డు చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం కోసం మన పాములు కొన్ని రోడ్డు మీదికి వస్తవి. అది మీ మీద పగతో వచ్చింది కాదు. దానికి ఒంట్లో పొయ్యి లేదు గనక వచ్చింది. చీకటి పడ్డాక లాంతరో టార్చిలైటో లేకుండా నడవకండి. పాము కనిపిస్తే అది విషపుదా కాదా అని పరీక్షించబోకండి. దూరంగా నిలబడి దాని దారిన దాన్ని పోనివ్వండి.

పామును పెంచకపోయినా ఈ విద్యను మీరే పరీక్షించి చూడవచ్చు. ఈ చలికాలంలో ఒక సెలవురోజున మీ పెరటి గోడ మీది తొండను చూడండి. తాకవద్దు, రాయి విసరవద్దు. పొద్దున ఎనిమిదికీ, పదికీ, పన్నెండుకూ, సాయంత్రం నాలుగుకూ అది ఎక్కడున్నదో, ఎండలో ఉన్నదో నీడలో ఉన్నదో, ఒళ్ళు ఎటు తిప్పుకున్నదో ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగు రోజులు రాసిన తరవాత ఆ కాగితం తాతగారికి చూపించండి. తాను అరుగు మీద ఎప్పుడెప్పుడు ఎటు జరిగిందీ ఆయన చెబుతారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే నవ్వు వస్తుంది.